ముందు మరక పేరు తెలుసుకోండి

మే నెలాఖరులో పూల్ మీది కవరు తీసినప్పుడో, వేసవి మధ్యలో ఒక శనివారం పొద్దున్నో, లేత నీలం లైనర్ మీద గోధుమరంగు మరక కంటపడుతుంది. మొన్నటిదాకా లేదు. మెట్ల దగ్గర మొదలై గోడల మీదికి పాకింది. బ్రష్ పెట్టి ఎంత రుద్దినా కదలదు. అప్పుడు చాలా ఇళ్ళలో జరిగే మొదటి పని, గరాజ్‌లోంచి క్లోరిన్ డబ్బా తెచ్చి ఒక్కసారిగా గుమ్మరించడం. ఆకుల మరకో, పాచి మరకో అయితే అది సరైన మందే. లోహం మరక అయితే మాత్రం ఆ క్లోరినే దాన్ని ఇంకా ముదరపెడుతుంది. రెండు మరకలూ పైకి ఒకే రంగులో ఉండొచ్చు, కానీ ఒకదానికి పనిచేసేది రెండోదానికి చెరుపు చేస్తుంది.

అందుకే ఈ అధ్యాయంలో వదిలించే పద్ధతి కంటే ముందు గుర్తుపట్టే పద్ధతి చెబుతాను. వదిలించిన తర్వాత చేయాల్సిన పని గురించి కూడా కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది వదిలేసేది దాన్నే. లైనర్ మీద మరక మాయమైందంటే లోహం పూల్‌లోంచి పోయిందని కాదు. గోడ మీద ఉన్నది నీళ్ళలోకి దిగింది, అంతే. ఆ తేడా తెలియకపోతే ప్రతి నెలా డబ్బు పెట్టి అదే మరకను మళ్ళీ మళ్ళీ తుడుస్తూ ఉంటారు.

అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో, మిషిగన్ లాంటి చలి రాష్ట్రాల్లో ఇంటి వెనక పూల్ ఉందంటే అది వినైల్ లైనర్ పూల్ అయ్యే అవకాశం ఎక్కువ. టెక్సాస్, ఫ్లోరిడా, ఆరిజోనాల్లో సిమెంటు పూత పూల్సే ఎక్కువగా కడతారు. లైనర్ అంటే సుమారు అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు మందం ఉండే ప్లాస్టిక్ షీటు. తీగల బ్రష్‌కి గీసుకుపోతుంది. క్లోరిన్ బిళ్ళ దాని మీద పడి ఉంటే అక్కడ రంగు శాశ్వతంగా పోతుంది. నీళ్ళు పూర్తిగా తోడేస్తే ముడుచుకుపోతుంది. మార్చాలంటే వేల డాలర్ల ఖర్చు. కాబట్టి సిమెంటు పూల్‌కి చెప్పే చిట్కాలు, అంటే యాసిడ్ పోసి కడగడం, ప్యూమిస్ రాయితో రుద్దడం వంటివి ఇక్కడ పనికిరావు. యూట్యూబ్‌లో వీడియో చూసి మొదలుపెట్టే ముందు ఆ పూల్ లైనరా, సిమెంటా చూసుకోండి.

తేట నీళ్ళలో దాగిన ఇనుము

ఊరికి దూరంగా ఎకరం, రెండెకరాల జాగాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో కొందరికి మునిసిపల్ నీళ్ళు ఉండవు. ఇంటికి సొంత బోరు ఉంటుంది, పూల్ కూడా ఆ నీళ్ళతోనే నింపుతారు. భూమి లోపల గాలి తగలనిచోట ఇనుము నీళ్ళలో కరిగి, రంగు లేకుండా ఉంటుంది. మన ఊళ్ళలో కొన్ని బోర్ల నీళ్ళు పట్టినప్పుడు తేటగా ఉండి, బిందెలో కాసేపు ఉంచితే ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. గాలిలోని ఆక్సిజన్ కరిగిన ఇనుమును తుప్పుగా మార్చడమే అది. గాలి నెమ్మదిగా చేసే ఆ పనిని క్లోరిన్ నిమిషాల్లో చేస్తుంది. నీటి పీహెచ్ ఎంత ఎక్కువగా ఉంటే ఆ తుప్పు అంత తేలిగ్గా నీళ్ళలోంచి విడివడి, దొరికినచోట అంటుకుంటుంది. అందుకే కొత్తగా బోరు నీళ్ళు నింపి, ఆ సాయంత్రమే షాక్ కొట్టిన, అంటే ఒకేసారి భారీగా క్లోరిన్ పోసిన, పూల్ పొద్దున్నకల్లా డికాషన్ రంగుకి తిరుగుతుంది. ఆ రంగు రెండు మూడు రోజుల్లో దానంతటదే పోయినట్టు కనిపిస్తుంది. కొంత ఫిల్టర్ పట్టుకుంటుంది, మిగిలింది లైనర్ మీదికి చేరుతుంది.

లెక్క వేసి చూద్దాం. 16 అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవు, సగటున 5 అడుగుల లోతు ఉన్న పూల్‌లో సుమారు 19,200 గ్యాలన్లు, అంటే 73 వేల లీటర్ల దాకా నీళ్ళు పడతాయి. తాగునీటిలో ఇనుము లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. ఆరోగ్యం కోసం కాదు, రంగు, రుచి, మరకల కోసం పెట్టిన హద్దు అది. ఆ హద్దులో ఉన్న నీళ్ళతో నింపినా మీ పూల్‌లోకి 22 గ్రాముల ఇనుము వచ్చినట్టే. లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న బోరయితే 73 గ్రాములు. ఎండకి నీళ్ళు ఆవిరవుతాయి కానీ ఇనుము ఆవిరి కాదు. తగ్గిన ప్రతి అంగుళానికీ అదే బోరు నుంచి సుమారు 1,200 లీటర్లు పోస్తుంటే ప్రతిసారీ గ్రాముకు పైగా కొత్త ఇనుము చేరుతుంది. మొదటి వేసవి బాగానే ఉండి, రెండో వేసవి మరకలు మొదలవడానికి చాలాసార్లు కారణం ఇదే.

మీ బోరులో ఇనుము సంగతి తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. తెల్ల ప్లాస్టిక్ బకెట్ నిండా బోరు నీళ్ళు పట్టండి. ఇంట్లో సాఫ్ట్‌నర్ ఉంటే దాన్ని దాటని కుళాయి, మామూలుగా పెరట్లోది, చూసి పట్టండి. దాంట్లో ఒక చెంచా లిక్విడ్ క్లోరిన్ కలిపి పావుగంట ఆగండి. నీళ్ళు పసుపుపచ్చగానో గోధుమరంగుగానో మారితే ఇనుము ఉంది. నల్లటి, ముదురు గోధుమ ఛాయ వస్తే మాంగనీస్ కూడా ఉండొచ్చు. అంకెలు కావాలంటే ల్యాబ్‌కి పంపాలి. అవునా కాదా అన్నంతవరకు ఈ బకెట్ చాలు.

రంగు కన్నా చోటు ఎక్కువ చెబుతుంది

ఇనుము మరకలు లేత పసుపు నుంచి ఎర్రమట్టి రంగు దాకా ఉంటాయి. రాగి మరకలు నీలి ఆకుపచ్చ, ముదిరితే నలుపు. మాంగనీస్ ముదురు గోధుమ, నలుపు, ఒక్కోసారి ఊదా. ఈ పట్టిక ఏ డబ్బా మీద చూసినా ఉంటుంది. తప్పేమీ లేదు, కానీ నీలం లైనర్ మీద పసుపు మరక ఆకుపచ్చగా కనిపిస్తుంది, నీళ్ళ లోతులో గోధుమరంగు నలుపులా తోస్తుంది. రంగు ఒక్కదాన్నే నమ్ముకుంటే పొరపడతారు. మరక ఎక్కడ ఉంది, ఏ ఆకారంలో ఉంది అన్నది ముందు చూడండి.

గోడలు, అడుగు, మెట్లు అన్నీ ఒకే తీరుగా పసుపుబారితే లోహం నీళ్ళతోనే వచ్చింది, పూల్ అంతా పరుచుకుంది. తెల్ల ప్లాస్టిక్ మెట్లు ఉన్నవాళ్ళకి ఇది తొందరగా తెలుస్తుంది. లైనర్ మీద ఇంకా ఏమీ కనిపించకముందే ఆ మెట్లు పాత కాగితం రంగుకి వస్తాయి. నీళ్ళు తిరిగి లోపలికి వచ్చే రంధ్రాల చుట్టూ నీలి ఆకుపచ్చ చారలుంటే హీటర్ వైపు చూడండి. నిచ్చెన కాళ్ళ కిందో, లైటు చుట్టూనో ఎర్రటి వలయం ఉంటే అక్కడి స్క్రూ తుప్పు పడుతోంది. అడుగున రూపాయి బిళ్ళంత గుండ్రటి మచ్చ, మధ్యలో ముదురుగా ఉంటే, ఎవరి జడలోంచో జారిన హెయిర్ పిన్ను అక్కడ కొన్నాళ్ళు పడి ఉందన్నమాట. ఆకు ఆకారమే అచ్చుగా పడితే అది లోహం కాదు, ఓక్ ఆకో మేపుల్ ఆకో వదిలిన టానిన్.

ఇంకొక రకం ఉంది. లైనర్ పైన ఉన్నట్టే కనిపిస్తుంది, నిజానికి వెనక నుంచి వస్తుంది. లైనర్ కింద నేలలో పెరిగే కొన్ని సూక్ష్మజీవులు వదిలే రంగు ప్లాస్టిక్‌లోకి ఇంకి పైకి తేలుతుంది. గులాబీరంగు మచ్చలకు ముఖ్య కారణం ఇదే. బూడిద నలుపు మచ్చలు కొన్ని కూడా ఇలాగే వస్తాయి. లైనర్ వెనక స్టీలు గోడ తుప్పుపట్టినా ఆ ఛాయ ముందుకు కనిపించొచ్చు. వీటిని నీళ్ళవైపు నుంచి ఏ మందూ పూర్తిగా తీయలేదు. గులాబీ మచ్చలు క్లోరిన్‌కి కాస్త వెలిసి, మళ్ళీ వస్తాయి. వాటి జోలికి పోయి డబ్బు పోసుకోకండి. లైనర్ మార్చే రోజున వెనక గోడ, అడుగు శుభ్రం చేయించడమే దారి.

విటమిన్ సి చెప్పే సమాధానం

చూపుతో అంచనాకి వచ్చాక చేయాల్సిన పరీక్ష చాలా తేలిక. మందుల షాపులో దొరికే తెల్లటి, మామూలు విటమిన్ సి మాత్రలు, 500 మిల్లీగ్రాములవి, నాలుగైదు తీసుకోండి. చప్పరించే నారింజరంగు మాత్రలు వద్దు. వాటిలో చక్కెర, రంగు ఉంటాయి. మాత్రల్ని పొడి చేసి పాత తెల్ల సాక్సులో వేసి మూతి ముడివేయండి. పంపు ఆపండి. పై మెట్టు మీద మరక ఉంటే చేత్తోనే ఆ మూటను దానికి ఆనించి పట్టుకోండి. లోతులో ఉంటే బ్రష్ కర్ర చివర కట్టి నొక్కి ఉంచండి. అర నిమిషం నుంచి రెండు మూడు నిమిషాలు. మూట తీసి చూస్తే, ఇనుము మరక అయినచోట లైనర్ అసలు నీలం బయటపడుతుంది. చుట్టూ పసుపు, మధ్యలో సాక్సు అంత మేర శుభ్రమైన నీలం. దాన్ని ఒకసారి చూశాక ఇక అనుమానం ఉండదు.

ఏమీ కదలకపోతే? రాగి కావచ్చు, సేంద్రియ మరక కావచ్చు, ఇందాక చెప్పిన లైనర్ వెనక మరక కావచ్చు. నీలి ఆకుపచ్చ ఛాయ ఉంటే అదే సాక్సులో ఈసారి సిట్రిక్ యాసిడ్ పొడి, అంటే నిమ్మ ఉప్పు, వేసి ప్రయత్నించండి. రాగి దానికి ఎక్కువగా లొంగుతుంది. దానికీ చలించకపోతే క్లోరిన్‌ను మామూలు కంటే కాస్త పై మట్టంలో రెండు మూడు రోజులు ఉంచి చూడండి. ఆకులు, పండ్లు, పాచి వదిలిన మరకలు దానికి వెలిసిపోతాయి. ఈ క్రమాన్ని తారుమారు చేయకండి, విటమిన్ సి ముందు, క్లోరిన్ తర్వాత. సిమెంటు పూల్ వాళ్ళు క్లోరిన్ బిళ్ళను మరక మీద రుద్ది చూస్తారు. లైనర్ మీద ఆ పని ఎప్పుడూ చేయకండి. మరక పోయినా దాని స్థానంలో తెల్ల మచ్చ మిగులుతుంది, దానికి మందు లేదు.

ఇక్కడ చాలామందిని గందరగోళపరిచే విషయం ఒకటి. మెట్లు పసుపుబారి ఉంటాయి, సీసాలో నీళ్ళు పట్టుకుని పూల్ షాపుకి వెళితే ‘ఐరన్ జీరో’ అని కాగితం చేతిలో పెడతారు. షాపువాళ్ళ పరీక్ష తప్పు కాదు. నీళ్ళలో నిజంగానే ఇనుము లేదు, అదంతా లైనర్ మీద ఉంది. మరక వదిలించాక అదే షాపుకి మళ్ళీ వెళితే ఇనుము అంకె పెరిగి ఉంటుంది. ‘మందు వేశాక ఇనుము ఎక్కువైందే!’ అని కంగారుపడక్కర్లేదు. గోడ మీదిది నీళ్ళలోకి వచ్చిందనడానికి అదే రుజువు.

వదిలించే రోజు

చిలుము పట్టిన ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తుందో, ఇక్కడ జరిగేది దానికి దగ్గరి చుట్టమే. పులుపు లోహం మీది పొరను కరిగిస్తుంది. విటమిన్ సి, అంటే యాస్కార్బిక్ యాసిడ్, పులుపుతో పాటు ఇంకో పని కూడా చేస్తుంది. తుప్పుగా మారిన ఇనుమును వెనక్కి, రంగులేని కరిగే రూపానికి తెస్తుంది. క్లోరిన్ చేసినదాన్ని తిరగేస్తుంది అనుకోండి. అందువల్లే క్లోరిన్ ఉన్న నీళ్ళలో దీన్ని వేస్తే రెండూ ఒకదాన్నొకటి తినేసుకుంటాయి, మరకకు మిగిలేది ఏమీ ఉండదు. కాబట్టి ముందు క్లోరిన్‌ను దాదాపు సున్నాకి దించాలి.

ఎండ ఉన్న వారంలో క్లోరిన్ వేయడం ఆపేస్తే అదే దిగుతుంది. ఉప్పు నీటి పూల్ అయితే క్లోరిన్ తయారుచేసే యంత్రాన్ని ఆపండి. హీటర్ కూడా ఆపండి. తొందర ఉంటే సోడియం థయోసల్ఫేట్ డబ్బా మీది మోతాదు ప్రకారం వేయొచ్చు. క్లోరిన్ లేని నీళ్ళలో పాచి తొందరగా పడుతుంది. అందుకని ఈ పని వేసవి మొదట్లో, నీళ్ళు ఇంకా చల్లగా ఉన్నప్పుడు పెట్టుకోవడం మంచిది. రాగి లేని పాచి మందు, సాధారణంగా పాలీక్వాట్-60 అని అమ్మేది, ముందురోజు వేసుకుంటే ఇంకా నిశ్చింత. ఈ రోజుల్లో పూల్‌లోకి ఎవరూ దిగకూడదు. పిల్లలకు ముందే చెప్పి, గేటుకి తాళం వేయండి.

పీహెచ్‌ను 7.2 దగ్గరికి తెచ్చుకోండి. తర్వాత యాస్కార్బిక్ యాసిడ్ పొడి. మాత్రలు పొడిచేసి పోయడం ఇంత పెద్ద పూల్‌కి కుదరదు. పౌండ్ల లెక్కన దొరికే శుద్ధమైన పొడి కొనండి. 10,000 గ్యాలన్లకు ఒక పౌండు, అంటే అర కిలోకి కాస్త తక్కువ, అన్నది వాడుకలో ఉన్న మోతాదు. మన 19,200 గ్యాలన్ల పూల్‌కి రెండు పౌండ్లు. పంపు నడుస్తుండగా గట్టు చుట్టూ నడుస్తూ, మరక ఎక్కువ ఉన్నచోట కాస్త ఎక్కువ పడేలా చల్లండి. మొదట సగమే చల్లి అరగంట ఆగండి. చాలా పూల్స్‌లో ఆ అరగంటలోనే మెట్లు తెల్లబడటం, గోడల అంచులు తేటపడటం కనిపిస్తుంది. మరక ఇంకా ఉంటే మిగతా సగం వేయండి. మొండి చోట మెత్తటి నైలాన్ బ్రష్‌తో నెమ్మదిగా తోయండి, తీగల బ్రష్ ముట్టుకోకండి. మాంగనీస్ మరక అయితే ఇంత వేగం ఆశించకండి.

ఒక జాగ్రత్త ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. పూల్ యాసిడ్, క్లోరిన్ ఒకే బకెట్‌లో, ఒకే కప్పుతో, ఒకే అరలో ఉండకూడదు. అవి కలిస్తే వచ్చే క్లోరిన్ గ్యాస్ ప్రాణం తీస్తుంది. ఒక రకం క్లోరిన్ డబ్బా మీద ఇంకో రకం పొడి ఒలికినా ప్రమాదమే. కొలిచే కప్పులు వేరు వేరుగా పెట్టి, పైన మార్కర్‌తో రాయండి.

మరక పోయింది, ఇనుము పోలేదు

మరక మాయమైన గంటలో మీ పూల్‌లోని ఇనుమంతా నీళ్ళలో కరిగి ఉంది. ఇప్పుడు సంతోషంలో షాక్ కొట్టారో, తెల్లారేసరికి మరక మళ్ళీ లైనర్ మీద ఉంటుంది. అందుకే అదే రోజు, క్లోరిన్ కంటే ముందు, సీక్వెస్టరెంట్ వేయాలి. షాపుల్లో ‘మెటల్ కంట్రోల్’, ‘స్టెయిన్ అండ్ స్కేల్’ అనే పేర్లతో ఉంటుంది. లేబుల్ మీద ఫాస్ఫోనిక్ యాసిడ్ అనో, హెచ్ఈడీపీ అనో రాసి ఉన్నది చూసి తీసుకోండి. లోహాన్ని పట్టుకుని నీళ్ళలోనే ఉంచడం దాని పని. బయటికి తీయడం కాదు. లేబుల్ మీది మోతాదు వేసి, పంపు ఒక రోజంతా నడిపి, అప్పుడు క్లోరిన్ మొదలుపెట్టండి.

అదీ కొద్దికొద్దిగా. మన లెక్కలోని పూల్‌కి 10 శాతం లిక్విడ్ క్లోరిన్ ముప్పావు లీటరు పోస్తే సుమారు 1 పీపీఎం, అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము, పెరగాలి. మొదట్లో పెరగదు. నీళ్ళలో మిగిలిన యాస్కార్బిక్ యాసిడ్ దాన్ని తినేస్తుంది. రెండు పౌండ్లు వేసి ఉంటే 5 పీపీఎం దాకా అలా పోవచ్చు. రోజుకు రెండు మూడు విడతలుగా పోస్తూ, ప్రతి విడతకీ ముందు పరీక్షించండి. పీహెచ్ 7.2, 7.4 మధ్య ఉంచండి. మెట్ల మీద మళ్ళీ పసుపు ఛాయ కనిపిస్తే క్లోరిన్ ఆపి, పీహెచ్ చూసి, సీక్వెస్టరెంట్ ఇంకొంచెం వేయండి. ఈ నాలుగైదు రోజుల ఓపికే మొత్తం పనిలో కష్టమైన భాగం. ఇక్కడ తొందరపడినవాళ్ళకే ‘విటమిన్ సి పనిచేయలేదు’ అనిపిస్తుంది.

సీక్వెస్టరెంట్‌ను ఎండ, క్లోరిన్ నెమ్మదిగా విరగ్గొడతాయి. అందుకే వేసవంతా లేబుల్ చెప్పినట్టు కొంచెం కొంచెం కలుపుతూ ఉండాలి. అది విరిగి ఫాస్ఫేట్లుగా మారుతుంది, క్లోరిన్ తగ్గినప్పుడు అవి పాచికి ఆహారం. నెలనెలా ఆ ఖర్చు వద్దనుకుంటే లోహాన్నే బయటికి పంపాలి. దానికి నమ్మకమైన మార్గం నీళ్ళు మార్చడం. మూడో వంతు నీళ్ళు తోడి ఇనుము లేని నీళ్ళు నింపితే మూడింట రెండు వంతుల ఇనుము మిగులుతుంది. ఇంకోసారి చేస్తే సగం కంటే తక్కువకి వస్తుంది. లైనర్ పూల్‌ని మాత్రం ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయకండి. లోపలి నీటి బరువే లైనర్‌ని గోడకి అదిమి ఉంచుతుంది. అది పోతే కింది భూగర్భజలం లైనర్‌ని పైకి లేపేస్తుంది, ఎండకి ముడుచుకున్న ప్లాస్టిక్ మళ్ళీ సాగదు. కొత్త నీళ్ళు అదే బోరు నుంచి పోస్తే చేసిందంతా వృథా. ట్యాంకర్ తెప్పించండి, లేదా గొట్టానికి తగిలించే ప్రీఫిల్టర్ గుండా పోయండి.

నింపిన వెంటనే నీళ్ళు గోధుమరంగుకి తిరిగిన సందర్భంలో పద్ధతి పూర్తిగా తలకిందులు. అప్పుడు ఇనుము తుప్పు రేణువులుగా నీళ్ళలో తేలుతోంది, ఇంకా లైనర్‌కి అంటలేదు. సీక్వెస్టరెంట్ పోస్తే దాన్ని కరిగించి ఫిల్టర్‌కి చిక్కకుండా చేస్తుంది. అది పోయకుండా, దిండ్లలో నింపే పాలియెస్టర్ దూదిని స్కిమ్మర్ బుట్టలో వదులుగా సర్ది, పంపు రాత్రింబగళ్ళు నడపండి. కొన్ని గంటలకే దూది ఎర్రమట్టి రంగుకి వస్తుంది. తీసి పారేసి కొత్తది పెట్టండి. మరీ కూరితే పంపుకి నీళ్ళందవు, గమనిస్తూ ఉండండి. ఇలా పట్టుకున్న ఇనుము మీ పూల్‌లోంచి నిజంగా వెళ్ళిపోయినట్టే.

రాగి ఎక్కడి నుంచి వస్తోంది?

బోరు నీళ్ళలో ఇనుము వచ్చినట్టు రాగి సాధారణంగా రాదు. ఎక్కువసార్లు మన చేతుల మీదుగానే పూల్‌లోకి చేరుతుంది. పాచి మందుల్లో చాలావాటికి ఆధారం రాగే. రాగి, వెండి అయాన్లు వదిలే యంత్రాలు కూడా అమ్ముతారు. క్లోరిన్ సరిగా నిలబెట్టుకునే పూల్‌కి ఇవేవీ అవసరం లేదన్నది నా గట్టి అభిప్రాయం. లైనర్ పూల్ ఉన్నవాళ్ళు రాగి ఉన్న సీసా కొనకపోవడమే మేలు. లేతరంగు జుట్టు పూల్‌లో ఆకుపచ్చగా మారితే క్లోరిన్‌ని తిడతారు. ఆ పచ్చదనం రాగిది.

రెండో దారి హీటర్. దాని లోపలి గొట్టాలు చాలావరకు రాగివి. ట్రైక్లోర్ బిళ్ళలు బాగా ఆమ్లంగా ఉంటాయి, అవి కరిగిన గాఢమైన నీళ్ళ పీహెచ్ 3 దగ్గర ఉంటుంది. వాటిని స్కిమ్మర్ బుట్టలో పడేసి రాత్రి పంపు ఆపేస్తే, ఆ కొద్ది నీళ్ళూ తెల్లవార్లూ పుల్లబడతాయి. పొద్దున్న పంపు వేయగానే ఆ పులుపంతా నేరుగా హీటర్‌లోకి పోయి రాగిని కొరుకుతుంది. రోజూ ఇదే జరిగితే రాగి మరకలూ వస్తాయి, కొన్నేళ్ళకి హీటరూ పోతుంది. బిళ్ళల్ని స్కిమ్మర్‌లో వేయడం ఈరోజే మానేయండి. నీళ్ళ మీద తేలే డబ్బాలో వేసేవాళ్ళు అది లైనర్‌ని రాసుకుంటూ ఒకేచోట ఆగిపోకుండా చూసుకోవాలి.

మిగతావి క్లుప్తంగా. పచ్చిక ఎరువుల్లో కొన్నిట్లో ఇనుము ఉంటుంది, చల్లేటప్పుడు పూల్‌లోకి ఎగిరి పడనివ్వకండి. ఉప్పు నీటి పూల్‌కి కొనే ఉప్పులో గడ్డకట్టకుండా ‘ఎల్లో ప్రష్యేట్ ఆఫ్ సోడా’ కలిపి ఉంటే అది వద్దు, దాంట్లో ఉన్నది ఇనుమే. నిచ్చెన స్క్రూలు ఏటా ఒకసారి చూడండి.

హైదరాబాద్ చుట్టుపక్కల, మొయినాబాద్, శంకరపల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లలో పూల్స్ కట్టుకుంటున్నవాళ్ళకీ బకెట్ పరీక్ష, సాక్సు పరీక్ష అక్షరాలా వర్తిస్తాయి. అక్కడ టైల్స్ పూల్స్ ఎక్కువ కాబట్టి మరక ముందు టైల్స్ మధ్య తెల్ల సందుల్లో కనిపిస్తుంది. ఒక్క తేడా. అక్కడ ట్యాంకర్ నీళ్ళు కూడా చాలాసార్లు ఇంకెక్కడో తోడిన బోరు నీళ్ళే. ట్యాంకర్ వచ్చిందని నిశ్చింతగా పైపు వదలకుండా, దాన్నుంచీ ఒక బకెట్ పట్టి చెంచా క్లోరిన్ కలిపి చూడాలి.

వచ్చే సీజన్‌కి పూల్ తెరిచేముందు మీ బోరు నీళ్ళు ఒక సీసా ల్యాబ్‌కి పంపి ఇనుము, మాంగనీస్, రాగి మూడూ చూపించండి. ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా గొట్టం పూల్‌లో వేయకండి.